కళంకిత హస్తము – అకళంకిత కైంకర్యము: తిరుమల మహంతుల కాలము తెలుపు ధర్మనిర్ణయము

శ్రీనివాస పరబ్రహ్మణే నమః

తిరుమల శ్రీవారి దర్శనమునకై ఆలయములోనికి ప్రవేశించిన భక్తుడు మూలవిరాట్టును చేరుటకు ముందే ధ్వజస్తంభమునకు, బలిపీఠమునకు నమస్కరించును. ధ్వజస్తంభము ఆలయ పురుషుని వెన్నెముక వంటిదని పెద్దల మాట. దానిని ప్రతిష్ఠించునపుడు పీఠము క్రింద స్వర్ణాది ద్రవ్యములను న్యాసము చేయుట సంప్రదాయము. ఆ ద్రవ్యము ఒకసారి భూమిలో చేరిన పిమ్మట మానవ నేత్రమునకు కనబడదు. దానికి సాక్షి భగవంతుడొక్కడే. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగములో తిరుమల క్షేత్ర చరిత్రను కలచివేసిన అపవాదము సరిగా ఆ చోటనే పుట్టినది.

అప్పటి ఆలయ విచారణకర్త, శ్రీ హాథీరాంజీ మఠాధిపతి మహంతు భగవాన్ దాసు. ధ్వజస్తంభము క్రింద నిక్షేపింపవలసిన బంగారు నాణెములకు బదులు రాగి నాణెములు ఉంచబడినవని ఆయనపై అభియోగము వచ్చినది. త్రవ్వి చూడగా రాగి నాణెములే లభించినవి. న్యాయస్థానము ఆయనను దోషిగా నిర్ణయించి కారాగార శిక్ష విధించినది. సర్వసంగ పరిత్యాగి కావలసిన మఠాధిపతి, కోట్లాది భక్తుల ఇలవేల్పునకు ధర్మకర్త, నేరస్థుడై బందీఖానాకు పోవలసి వచ్చినది.

ఇచ్చట సాధకుని మనస్సులో సహజముగా ఒక సంశయము కలుగును. 1880 నుండి 1890 వరకు ఆయన మహంతుగా ఉన్నాడు. ఆ పదేండ్లలో ఆయన హస్తముతో జరిగిన నియామకములు ఏమైనవి? ఆయన ఉద్యోగమిచ్చిన పరిచారకులు, లేఖకులు, పారుపత్యదారులు చేసిన సేవ చెల్లినదా? ఆ కాలములో కొండకు కాలినడకన వచ్చి ముడుపు చెల్లించిన పేద భక్తుని మ్రొక్కు స్వామికి చేరినదా? ఇది ఒక మహంతుకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. అధికార పీఠముపై కూర్చున్నవాడు కళంకితుడని తేలిన ప్రతి కాలములోను, అతడు నియమించినవారి అధికారమును గూర్చి లోకము అడుగు ప్రశ్న ఇదే.

విచారణకర్తృత్వము వచ్చిన విధము

1801లో ఆర్కాటు నవాబు నుండి ఈ సీమ తూర్పు ఇండియా కంపెనీ వశమైనది. నాటినుండి చిత్తూరు కేంద్రముగా ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లా కలెక్టరు తిరుమల ఆలయ పాలనను చూచుచుండెను. 1821లో ఆలయ నిర్వహణకై ‘బ్రూస్ కోడు’ అను నియమావళి ఏర్పడినది. హిందూ దేవాలయములను క్రైస్తవ ప్రభువులు నిర్వహించుట తగదని ఇంగ్లండులో మిషనరీల ఒత్తిడి పెరుగగా, కంపెనీ ఆ బాధ్యతను వదలుకొన నిశ్చయించినది. 1843లో సన్నదు ద్వారా హాథీరాంజీ మఠాధిపతి సేవాదాసునకు విచారణకర్తృత్వము లభించినది. శ్రీవారితో పాచికలాడినాడని భక్తలోకము చెప్పుకొను హాథీరాం బావాజీ పరంపర అది.

సేవాదాసు, ధర్మదాసు, భగవాన్ దాసు, మహావీర దాసు, రామకిశోర దాసు, ప్రయాగదాసు అను ఆరుగురు మహంతులు 1843 నుండి 1933 వరకు, తొంబది సంవత్సరముల పాటు, ఆలయ పాలన నడిపిరి. ఈ పరంపరలో భగవాన్ దాసు మూడవవాడు.

ఇచ్చట ఒక సూక్ష్మమును గ్రహింపవలెను. విచారణకర్త చేతిలో ఉన్నది ద్రవ్యము, భూములు, ఉద్యోగులు, ఉత్సవ నిర్వహణ. ఆయన చేతిలో లేనిది అర్చనాధికారము. తిరుమలలో ఆరాధన వైఖానస ఆగమానుసారము జరుగును. వైఖానస అర్చకునకు అర్హత గర్భస్థ దశలో జరుగు విష్ణుబలి సంస్కారము చేతను, వైఖానస సూత్రోక్త సంస్కారముల చేతను, ఆగమాధ్యయనము చేతను వచ్చును. పైడిపల్లి, గొల్లపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ అను నాలుగు మిరాశీ కుటుంబములవారు నాడు వంశపారంపర్యముగా ఆ కైంకర్యమును నిర్వహించుచుండిరి. జీయంగార్ల పరంపర మరియొక ధార. మహంతు వీరిని సృష్టింపలేదు. మహంతు జైలుకు పోయిన నాడు కూడ సుప్రభాతము, తోమాల, అర్చన తమ తమ వేళలకు జరుగుటలో ధర్మలోపము లేదు.

వరణము వేరు, అర్హత వేరు

బ్రహ్మోత్సవములకు ముందు ఋత్విగ్వరణము జరుగును. యజమాని స్థానములో ఉన్నవాడు ఆచార్యునకు, ఋత్విక్కులకు నూతన వస్త్రములు సమర్పించి, ఈ కర్మను నిర్వహింపుడని ప్రార్థించును. ఆ ప్రార్థన చేత ఋత్విక్కునకు కర్మ చేయు అవకాశము కలుగును. వేదము మాత్రము రాదు. పన్నెండేండ్లు గురుకులములో కూర్చుండి చదివినవానికే అది వచ్చును. చదువనివానికి ఎంతటి ధర్మాత్ముడు వస్త్రము కప్పినను మంత్రము నోటికి రాదు. చదివినవానికి ఎంతటి దోషి వస్త్రము కప్పినను ఆ మంత్రము మాసిపోదు.

నియామక ధర్మమునకు సారమంతయు ఈ ఒక్క కర్మలో కానవచ్చుచున్నది. వరణము అర్హతను ఇవ్వదు. ఉన్న అర్హతకు చోటు చూపును. కావున అనర్హుని శుద్ధహస్తము నియమించినను ఆ నియామకము దుష్టమే. అర్హుని కళంకిత హస్తము నియమించినను, ఆ కళంకము అతనికి దానంతట అంటదు. అయితే మూడవ సందర్భమొకటి కలదు. అర్హుడే అయినను ఆ పదవిని ధనమిచ్చి కొన్నచో, లేక నియామకుని దోషములో పాలు పంచుకొన్నచో, కళంకము నియామకునినుండి వచ్చినది కాదు, అతని స్వార్జితము. యోగ్యతాపత్రము ఎంత గొప్పదైనను అది అతనిని రక్షింపదు.

అర్థశాస్త్రకారుడు కౌటిల్యుడు అధికారులు రాజధనమును అపహరించు విధములు నలుబదింటిని లెక్కించినాడు. మానవ స్వభావముపై ఆయనకు భ్రమలు లేవు. అయినను అమాత్యుల శుచిత్వమును నిర్ణయించుటకు, వారిని ఎవరు నియమించిరి అను ప్రశ్నతో ఆయన ఆగలేదు. ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగు ఉపధలచేత నియుక్తునినే పరీక్షింపుమన్నాడు.

భారతములో మూడు అభిషేకములు

ఈ సంశయమునకు మహాభారతము మూడు దృష్టాంతములు చూపుచున్నది.

మొదటిది కర్ణుని అంగరాజ్యాభిషేకము. కుమారాస్త్ర విద్యా ప్రదర్శన రంగములో కర్ణుని కులమును ప్రశ్నించినపుడు దుర్యోధనుడు అక్కడికక్కడే అతనిని అంగరాజుగా అభిషేకించినాడు. అప్పటికే దుర్యోధనుడు భీమునకు విషము పెట్టి గంగలో త్రోయించినవాడు. ఈ నియామకములోని ఉద్దేశము కూడ నిర్మలము కాదు. అర్జునునకు ఎదురు నిలుచు వీరుడు కావలెననియే. అయినను లోకము కర్ణుని అంగరాజుగానే పిలిచినది. ఆయన చేసిన దానములను ఎవరును తిరస్కరింపలేదు. కర్ణుడు నిందకు పాత్రుడైనది ద్రౌపదిని సభలో అవమానించినపుడు పలికిన మాటలకు. అభిషేకము పొందినందుకు కాదు.

రెండవది అశ్వత్థామ సేనాధిపత్యము. తొడలు విరిగి నేలపై పడిన దుర్యోధనుడు, కృపాచార్యునిచేత కలశోదకము తెప్పించి అశ్వత్థామను సేనాపతిగా అభిషేకింపజేసినాడు. విధిలో లోపము లేదు. రాజాజ్ఞ కలదు, ఆచార్యుడు కలడు, కలశము కలదు. కాని ఆ రాత్రి జరిగినది నిద్రించువారిని వధించుట. సవిధిగా జరిగిన నియామకము ఆ పాపమునకు కవచము కాలేదు. అశ్వత్థామ శిరోమణిని కోల్పోయి శాపగ్రస్తుడయ్యెను.

మూడవది ఆ కృపాచార్యుని కథ. కౌరవ పక్షమున పోరాడినవాడు, ఆ రాత్రి శిబిర ద్వారమున నిలిచినవాడు. పాండవులు మహాప్రస్థానమునకు బయలుదేరునపుడు, వంశాంకురమైన పరీక్షిత్తును ధర్మరాజు ఆయనకే శిష్యునిగా అప్పగించినాడు. పూర్వము ఎవరి కొలువులో ఉన్నాడన్నది ఒక్కటే చూచియుండినచో ఆ నిర్ణయము పొసగదు. విద్యను, ఆచార్యత్వమును వేరుగా తూచినాడు. ఈ క్షమ సులభమైనదని గాని, ఉపపాండవుల తల్లి హృదయమునకు అది నొప్పి కలిగింపలేదని గాని చెప్పరాదు. అయినను రాజ్యము నిలువవలెనన్నచో మనుష్యులను గుంపుగా త్రోసివేయక ఒక్కొక్కరిని విచారింపవలెనని ధర్మరాజు నడత తెలుపుచున్నది.

క్షేత్రము చేసిన నిర్ణయము

భగవాన్ దాసు పతనము తరువాత తిరుపతిలో జరిగినదేమి? 1890లో మహావీర దాసు మహంతు అయ్యెను. గురుశిష్య పరంపర తెగిపోయినదని ఎవరును తీర్మానింపలేదు. పూర్వ మహంతు కాలపు కొలువులన్నియు ఒక్క దెబ్బతో రద్దు కాలేదు. అట్లని జనులు మౌనముగాను ఉండలేదు. ఆలయ పాలనకు కట్టుబాట్లు కావలెనని భక్తులు వ్యాజ్యము వేసిరి. ఆ వ్యాజ్యము జిల్లా న్యాయస్థానమునుండి మద్రాసు హైకోర్టుకు, అచ్చటినుండి లండనులోని ప్రీవీ కౌన్సిలుకు పోయి 1907లో ముగిసినది. మహంతు ధర్మకర్తగా నిలిచెను గాని, ద్రవ్యము, లెక్కల విషయమున ఆయన ఇష్టానుసారము నడుచుటకు వీలులేకుండ ఒక స్కీము ఏర్పడినది. అదియు చాలదని తేలిన పిమ్మట మద్రాసు శాసనసభ చేసిన ప్రత్యేక చట్టముచే 1933లో పాలన మహంతుల చేతినుండి దేవస్థానముల కమిటీకి మారినది. తిరుమల తిరుపతి దేవస్థానములు అను వ్యవస్థ అట్లు జన్మించినది.

భక్తులు శిక్షించినది అధికార పీఠపు విశృంఖలత్వమును. ఆ పీఠము క్రింద నిజాయితీగా పనిచేసినవారిని కాదు.

ఆ కాలపు ఫలములను చూచినను ఇదియే తోచును. నేటి శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య కళాశాలకు మూలమైన సంస్కృత పాఠశాల 1884లో తిరుపతిలో వెలసినది. ఆ సంవత్సరమున మహంతు పీఠముపై ఉన్నవాడు భగవాన్ దాసే. ఆ పాఠశాలలో వ్యాకరణము, తర్కము నేర్చినవాని విద్య రాగి నాణెము కాజాలదు. ప్రయాగదాసు కాలమున సాధు సుబ్రహ్మణ్య శాస్త్రిగారు దేవస్థాన శాసన పరిశోధకులై, వేయికి పైగా శిలాశాసనములను పరిశీలించి, 1930లో నివేదిక ప్రకటించిరి. పల్లవ రాణి సామవై ఇచ్చిన వెండి విగ్రహ దానము మొదలు విజయనగర ప్రభువుల సమర్పణల వరకు నేడు తెలిసిన ఆలయ చరిత్ర ఆ శ్రమ ఫలమే. ఒకప్పుడు మచ్చపడిన పీఠమే ఆయనను నియమించినదని ఆ శాసనములను త్రోసిపుచ్చువాడు కలడా?

నేటి న్యాయశాస్త్రము చెప్పునది

ఆధునిక న్యాయస్థానములు కూడ ఈ ప్రశ్నను ఎదుర్కొన్నవి. ఆంధ్రప్రదేశములో కొందరు అదనపు సెషన్సు న్యాయాధీశుల నియామకము రాజ్యాంగ విరుద్ధమని తేలినది. అప్పటికే వారు చెప్పియున్న తీర్పులు ఏమి కావలెను? గోకరాజు రంగరాజు వ్యాజ్యములో 1981లో జస్టిస్ చిన్నప్పరెడ్డి సుప్రీంకోర్టు తీర్పు వ్రాయుచు, ఆ తీర్పులు చెల్లునని నిర్ణయించిరి. పదవిని బాహాటముగా నిర్వహించుచున్నవానిని నమ్మి ప్రజలు అతని ముందుకు వచ్చిరి. వాని నియామకములోని లోపమునకు వారు బాధ్యులు కారు. ఈ రక్షణ ప్రజలకై ఏర్పడినది. పదవిలోనివాని సుఖమునకై కాదు. పదవికి ఏ ఆధారమును లేక చొరబడినవానికి ఇది వర్తింపదు. నియామకము తప్పని భావించువారు సూటిగా ఆ నియామకమునే ప్రశ్నింపవలెను. అతడు చేసిన పనిని అడ్డుపెట్టుకొని ప్రక్కదారిన ప్రశ్నింపరాదు.

ఇతర మతములలోను ఈ వివాదము నడచినది. నాల్గవ శతాబ్దిలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి నగరమున, రోమను చక్రవర్తి హింసకు భయపడి పవిత్ర గ్రంథములను అప్పగించిన క్రైస్తవ గురువు మరియొక గురువునకు చేసిన అభిషేకము చెల్లునా అని ఘోరమైన చీలిక కలిగినది. చెల్లదన్నవారు డోనాటిస్టులు. సంస్కారము దైవమునకు చెందినది, దానినిచ్చు మనుష్యుని సొత్తు కాదని అగస్టీను వాదించెను. దేశము వేరు, మతము వేరు. ఋత్విగ్వరణము తెలుపు భేదమునకు అది దగ్గరి వాదమే.

అర్చకుల విషయమున 1972లో శేషమ్మాళ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు, అర్చకుని నియమించుట ధర్మకర్త చేయు లౌకిక కర్మ అనియు, నియుక్తుడు ఆగమము చెప్పిన అర్హత కలవాడై ఉండవలెననియు చెప్పినది. 1987 నాటి దేవాదాయ చట్టము మిరాశీ హక్కులను రద్దు చేయగా, 1996లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. ఈ నిర్ణయము అనేక అర్చక కుటుంబములకు బాధాకరమైనది. మహంతుల కాలములో అర్చకునకు పాలకుని దోషమునుండి వంశపారంపర్యము ఒక గోడగా నిలిచినది. 1987 చట్టముతో ఆ గోడ బలహీనపడినది. నియామకములో పాలకుల పాత్ర పెరిగినది. కావుననే నియామకుని శుచిత్వము నేడు నాటికంటె మిక్కిలి ముఖ్యమైనది.

దేవస్థానముల పాలకమండలిని నేడు రాష్ట్ర ప్రభుత్వము నియమించుచున్నది. ప్రభుత్వము మారినపుడు మండలియు మారుచున్నది. 2021 సెప్టెంబరులో మండలి సభ్యులకు తోడుగా సుమారు ఏబది మందిని ప్రత్యేక ఆహ్వానితులుగా నియమించు ఉత్తర్వులు వెలువడగా, రాష్ట్ర హైకోర్టు వానిని నిలిపివేసినది. అచ్చట ప్రశ్న నియామకుని వ్యక్తిగత దోషమును గూర్చినది కాదు. అట్టి నియామకమునకు చట్టములో చోటు కలదా అనునది. పదవులు జరుగక ముందే సూటిగా ప్రశ్నించుటకు అదొక ఉదాహరణము.

నిర్ణయము

పై చరిత్రనుండి తేలునది ఇది. పాలకుడు కళంకితుడని రుజువైనపుడు అతని నియామకములన్నియు తమంతట తామే చెల్లకపోవు. అవి తమంతట తామే పవిత్రములు కూడ కావు. మూడు ప్రశ్నలు అడుగవలెను. నియమించిన నాడు అతనికి ఆ అధికారము నిజముగా కలదా? నియుక్తునకు ఆ పదవికి కావలసిన అర్హత కలదా? ఆ నియామకము దోషములో భాగమా, లేక దోషమునకు బయట జరిగినదా? మొదటి రెండింటికి అవునని, మూడవదానికి బయటనే జరిగినదని సమాధానము వచ్చినచో, ఆ ఉద్యోగిని అతని ప్రభువు పాపమునకు బలి చేయుట అన్యాయము. ఏ ఒక్క సమాధానము తారుమారైనను, ఎన్ని సంవత్సరములు గడచినను ఆ పదవి న్యాయముగా నిలువజాలదు.

మరి ఆ పదేండ్లలో ముడుపు చెల్లించిన పేద భక్తుని మాట? వైఖానస మహర్షులు తమ సంహితలలో ప్రాయశ్చిత్త విధులకు విస్తృత స్థానము నిచ్చిరి. మనుష్యులు నడుపు ఆలయములో దోషము జరుగునని వారికి తెలియును. దోషమునకు శాంతి కలదు, సంప్రోక్షణ కలదు. భక్తుని భక్తికి మాత్రము ప్రాయశ్చిత్తము అక్కరలేదు. అందులో దోషము లేదు కనుక. ఆతడు బంగారమునే సమర్పించినాడు. ధ్వజస్తంభము క్రింద అది రాగిగా మారినది మరియొకని చేతిలో. సమర్పణ ఫలము సమర్పించినవానిది, అపహరణ పాపము అపహరించినవానిది.

అయినను ఆ భక్తుని వంశీయులు నేడు ధ్వజస్తంభమునకు నమస్కరించునపుడు, దానిక్రింద ఏమున్నదో విచారించు హక్కు తమకు కలదని మరువరాదు. భక్తి పేర ఆ హక్కును వదలుకొన్నచో తరువాతి రాగి నాణెమునకు వారును భాగస్వాములగుదురు. 1843లో సన్నదు వ్రాసినవారు ఆ జాగ్రత్త వహింపలేదు. 1907 స్కీమును, 1933 చట్టమును సాధించినవారు వహించిరి.

శ్రీ వేంకటేశ్వరార్పణమస్తు. స్వస్తి.